పైనుంచి బదులు పలికే గొంతు

వదిన అంటే అద్దాలు తుడిచే ఆ కంపెనీలో ఒక్కతే వదిన. నిజానికి ఆమె వదిన అయింది ఒక్కడికే, తాడుకు వేలాడుతూ మేడల అద్దాలు తుడిచే తన మరిదికి. అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మొహం పైకెత్తి "వదినా! వదినా!" అని అరుస్తూ ఉండేసరికి ఆ పిలుపు విన్నవాళ్ళందరికీ అంటుకుంది. మేనేజరుకూ వదినే, వీధి మలుపులో టీ అమ్మే ముసలాయనకూ వదినే. చివరికి కట్టుకున్న మొగుడు కూడా ఒకసారి నలుగురిలో "వదినా, వ్యాన్ తాళాలు ఎక్కడ పెట్టావ్?" అని అడిగి నాలిక కరుచుకున్నాడు. ఆ మాటను ఆమె ఈనాటికీ వదిలిపెట్టలేదు. అవసరం పడ్డప్పుడల్లా బయటికి తీసి ఆయన్ని పొడుస్తుంది.

మరిదిని అందరూ గాలిపటం అనేవాళ్ళు. బక్క మనిషి, నోరు మాత్రం పెద్దది. మేడ మీద పిట్టగోడకు ఇవతల ఇనుప స్తంభం ఒకటి ఉంటుంది. దానికి తాడు చుట్లు తిప్పి, ఒక కొసకు పీట కడతారు. గాలిపటం పక్కన బకెట్టు తగిలించుకుని ఆ పీట మీద కూర్చుంటాడు. రెండో కొస వదిన చేతుల్లో ఉంటుంది. ఆమె వదులు చేస్తే అతను దిగుతాడు, బిగిస్తే ఆగుతాడు. నడుముకు ఇంకో తాడు కూడా కడతారనుకోండి. మొదటి తాడు పని కోసం, రెండోది ఇంట్లో వాళ్ళ నిద్ర కోసం.

స్తంభం దగ్గర నిలబడ్డ మనిషికి కిందివాడు కనిపించడు. వినిపిస్తాడు, అంతే. అందుకని వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. కిందివాడు ఒక మాట అంటాడు, పైమనిషి అదే మాటను తిరిగి అంటుంది, ఆ తర్వాతే తాడు కదులుతుంది. "దించు!" అంటే "దించు!" అనాలి. "ఆపు!" అంటే "ఆపు!" అనాలి. బదులు వినపడకపోతే కిందివాడు గోడను పట్టుకుని కూర్చుంటాడు. అన్న మాట అర్థం కాకపోతే పైమనిషి కూడా తాడు బిగించి నిలబడుతుంది.

రెండో కట్టుబాటు ఇంకా విచిత్రమైనది. మేడ మీద ఎవరూ వద్దనీ లేదనీ కాదనీ అనకూడదు. గాలి ఎప్పుడూ మాటను సగం తినేస్తుంది. "దించొద్దు" అని కింద నుంచి అరిస్తే పైకి "దించు" అన్న ముక్కే చేరుతుంది. ఆ తర్వాత జరిగేది చెప్పుకోనక్కర్లేదు. ఈ అలవాటు వదినకు ఎంత ముదిరిందంటే, భోజనాల దగ్గర ఎవరైనా ఇంకో గరిటె వడ్డించబోతే కూడా చెయ్యి అడ్డం పెట్టి "ఆపు!" అని గట్టిగా అరిచేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఉలిక్కిపడి గరిటె జారవిడిచేవాళ్ళు.

ఇలా సాఫీగా సాగిపోతున్న పనిలోకి ఇంగ్లీషు వచ్చిపడింది. కంపెనీకి ఊరి మధ్య కొత్త అద్దాల భవనాల కాంట్రాక్టు దొరికింది. అక్కడ తాళ్ళ మీద పనిచేసేవాళ్ళు నానా దేశాలవాళ్ళు, నానా భాషలవాళ్ళు. కాబట్టి అక్కడ కేకలన్నీ ఇంగ్లీషులోనే ఉండాలని, పైన తాడు పట్టేవాళ్ళు ఇంగ్లీషులో నోటి పరీక్ష పాసవ్వాలని రూలు. వదినకు ఇంగ్లీషు బొత్తిగా రాదని కాదు. మాటలు తెలుసు. వాటిని ఒక వరసలో నిలబెట్టడమే తెలీదు.

ఆ సాయంత్రం తోడికోడలు వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. గాలిపటం భార్య ఆమె. మామూలుగా గలగల మాట్లాడే పిల్ల, ఆ రోజు నేరుగా విషయానికొచ్చేసింది.

"అక్కా, పరీక్ష రాస్తావుగా?"

"రాసేది కాదటే, నోటితో చెప్పేదట."

"ఏదైనా సరే. తాడు నీ చేతిలో ఉందంటేనే నేను ఇక్కడ కంటినిండా నిద్రపోతున్నా. వేరేవాళ్ళ చేతిలో పెడితే నావల్ల కాదక్కా."

వెనకే వచ్చిన గాలిపటం నవ్వుతూ అందుకున్నాడు. "విన్నావుగా వదినా. నువ్వు పాసైతే నేను పీటెక్కుతా. లేదంటే ఇంట్లో కూర్చుని నీ అన్నమే తింటా. తాడో పేడో ఇక నీదే."

అతను నవ్వాడే గానీ మాట మాత్రం నిజంగానే అన్నాడని వదినకు తెలుసు. పదిలంగా చూసుకోవలసినవి ఆమెకు చాలా ఉన్నాయి, వాటన్నిటిలోకీ పెద్దది ఆ తాడు. అది ఇంకొకరి చేతికి పోకూడదని మర్నాడే ఇంగ్లీషు ఎవరు చెబుతారో వాకబు చేసింది.

టైర్ల కొట్టు పైన ఒక గదిలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ సాయంత్రాలు పెద్దవాళ్ళకు ఇంగ్లీషు చెప్పేది. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కళ్ళజోడు కూడా అక్కడే ఉంటుంది, రెండూ ఎప్పుడు జారతాయో తెలీదు. గదంతా రబ్బరు వాసన. కింద టైరు బిగించినప్పుడల్లా బోర్డు మీది అక్షరాలు అదురుతాయి.

మొదటి రోజే గొడవైంది. టీచరమ్మ ఇంగ్లీషులో "వాట్ ఆర్ యూ డూయింగ్?" అని అడిగింది. వదిన లేచి నిలబడి, అంత గట్టిగానూ, "వాట్ ఆర్ యూ డూయింగ్!" అంది.

"నేనడిగింది నన్ను తిరిగి అడగమని కాదు."

"నేనడిగింది నన్ను తిరిగి అడగమని కాదు," అంది వదిన, ఈసారి తెలుగులో.

గదిలో ఉన్న పదిమందీ పగలబడి నవ్వారు. టీచరమ్మ మొహం కందగడ్డ అయింది. వెక్కిరిస్తున్నావా అంటూ సుద్దముక్క విసిరికొట్టింది. అప్పుడుగానీ వదినకు తాను చేస్తున్నదేమిటో తెలిసిరాలేదు. విన్న మాటకు బదులు పలక్కుండా నోరు తెరవడం ఆమెకు చేతకాదు. చెంపలు వేసుకుని, తాడు సంగతీ, గాలి సంగతీ, మరిది సంగతీ మొదటి నుంచీ చెప్పింది. టీచరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది, కోపం కాస్త దిగింది.

"సరే కూర్చో. నువ్వడిగావు కాబట్టి ఇవాళ జట్టుగా పనిచేసేవాళ్ళ సంగతే చెప్తాను."

వదిన ఏమీ అడగలేదు. అయినా బుద్ధిగా కూర్చుంది.

టీచరమ్మ బోర్డు మీద 'క్లీనింగ్' అని రాసింది. "ఇది అసలు క్రియ. పని చేసేది ఇదే. కానీ పని ఎప్పుడు జరిగిందో, జరుగుతోందో, జరగాలో, జరగొచ్చో ఇదొక్కతే చెప్పలేదు. అందుకని ముందు సహాయక క్రియల్ని పెట్టుకుంటుంది. ఈజ్, ఆర్, వాజ్, హావ్, విల్, కెన్, మే, మస్ట్. వీటినే హెల్పింగ్ వెర్బులు అంటారు. హెల్పర్లూ, అసలు క్రియా కలిపి ఒక జట్టు. ఆ జట్టు పేరు వెర్బ్ ఫ్రేజ్."

"హెల్పరు ఒకరే ఉండాలా టీచరమ్మా?"

"ఇద్దరుండొచ్చు, ముగ్గురుండొచ్చు. వరస మాత్రం తప్పకూడదు." ఆవిడ రాసింది: మే హావ్ బీన్ క్లీనింగ్.

ఒక్క అద్దం తుడవడానికి ముగ్గురు హెల్పర్లా అని వదిన నోరు వెళ్ళబెట్టింది. వాళ్ళ మేనేజరైతే ఇద్దర్ని అక్కడికక్కడే తీసేసేవాడు.

ఆ రోజు నుంచి ఆమెకు ఇంకో ధ్యాస లేకుండా పోయింది. పరీక్ష భయం ఎటో వెళ్ళి, కుతూహలం పట్టుకుంది. ప్రశ్న అడగాలంటే హెల్పర్లలో ముందున్నవాడు ఎగిరి మనిషికి ముందుకు దూకుతాడట. దే ఆర్ క్లీనింగ్ అన్నది ఆర్ దే క్లీనింగ్ అవుతుందట. మరి అసలు హెల్పరే లేని చోట? యూ క్లీన్ అన్న దాంట్లో ఎవరు దూకాలి? అప్పుడు 'డూ' అనే వాణ్ని బయట నుంచి పిలుస్తారని టీచరమ్మ చెప్పింది. డూ యూ క్లీన్?

"వాడికి అర్థమేంటి?"

"అర్థం లేదు."

"మరెందుకొచ్చాడు?"

"నిలబడ్డానికి! ప్రశ్న అడగాలంటే ఎవరో ఒకరు ముందు నిలబడాలి. ఎవరూ లేకపోతే వాడొస్తాడు."

"అయ్యో పాపం," అంది వదిన. నిజంగానే ఆమెకు డూ మీద జాలి కలిగింది.

చిక్కల్లా 'నాట్' దగ్గర వచ్చింది. కాదనే మాటను అసలు క్రియ మొయ్యదు, మొదటి హెల్పరే మోస్తాడు. యూ మస్ట్ లోయర్ అన్నదాన్ని కాదని చెప్పమంది టీచరమ్మ. అంటే దించకూడదు అని చెప్పాలి. వదిన లేచింది, నోరు తెరిచింది, మూసింది. చివరికి "స్టాప్," అంది.

"స్టాప్ కాదు. మస్ట్ నాట్ లోయర్ అనాలి."

"అలా అనకూడదండీ. గాలి తినేస్తే లోయర్ ఒక్కటే మిగులుతుంది. మనిషి పోతాడు."

"పరీక్ష గదిలో గాలెక్కడిదే తల్లీ! కిటికీలన్నీ మూసే పెడతారు. అక్కడ అను. మేడ మీదికెళ్ళాక నీ ఇష్టం."

వదిన కళ్ళు మూసుకుని, గుటక మింగి, "మస్ట్ నాట్ లోయర్," అంది. అని గుండె మీద చెయ్యి వేసుకుంది. టీచరమ్మ మొట్టమొదటిసారి నవ్వింది.

ఇదంతా ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం వదిన మేడ మీద తాడు బిగించి నిలబడి ఉంది. ఆమె భర్త మోకాలి నొప్పికి మూలుగుతూ మెట్లెక్కి వచ్చాడు. ఒకప్పుడు తమ్ముడి తాడు ఆయనే పట్టేవాడు. మోకాలు చెడ్డాక వ్యాన్ తోలుతున్నాడు.

"ఏం చేస్తున్నాడు వీడు? ఎంతసేపటి నుంచి చప్పుడు లేదు?"

"తుడుస్తూ ఉండి ఉండవచ్చు," అంది ఆమె, పరధ్యానంగా.

అన్నదల్లా అక్కడే ఆగిపోయింది. పెదవులు మళ్ళీ కదిలించింది. తుడుస్తూ. ఉండి. ఉండ. వచ్చు. తర్వాత టీచరమ్మ బోర్డు గుర్తుచేసుకుంది. మే. హావ్. బీన్. క్లీనింగ్. వచ్చు అంటే మే. ఉండ అంటే హావ్. ఉండి అంటే బీన్. తుడుస్తూ అంటే క్లీనింగ్. తెలుగు మాటను తోక దగ్గర పట్టుకుని వెనక్కి చదువుతూ వస్తే ఇంగ్లీషు మాట ఒక్క ముక్క తేడా లేకుండా వచ్చేసింది!

"ఏమండీ! మన హెల్పర్లు వెనక ఉంటారండీ! వాళ్ళ హెల్పర్లు ముందుంటారు. జట్టు మాత్రం అదే జట్టు!"

"ఎవరి హెల్పర్లు?" అన్నాడాయన బెంబేలుగా, చుట్టూ చూస్తూ.

"వెళ్ళి ఉండాలి. మస్ట్ హావ్ గాన్. చూడండి, వెళ్ళి గాన్, ఉండ హావ్, ఆలి మస్ట్! తిప్పేస్తే సరి!"

"తాడు చూసుకోవే మహాతల్లీ," అన్నాడాయన.

తాడుకేం, బిగించే ఉంది. ఆమె చేతులు ఎప్పుడూ తాడు మీదే, మిగతా మనిషే ఎక్కడికో ఎగిరిపోయింది. పుట్టినప్పటి నుంచీ నోట్లో పెట్టుకు తిరుగుతున్న మాట లోపల ఇంత పొందికైన అమరిక ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆనందంతో ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎందుకో తనకే తెలీక కొంగుతో తుడుచుకుంది. ఆ సాయంత్రం రొప్పుతూ మెట్లెక్కి వెళ్ళి ఈ సంగతి చెబితే టీచరమ్మ, "నాకు తెలుసు. నువ్వే కనుక్కుంటావని చెప్పలేదు," అంది. ఆవిడకు నిజంగా తెలుసో, గొప్పకు అన్నదో వదినకు ఇప్పటికీ అనుమానమే.

పరీక్ష వదిన అనుకున్నంత ఘోరంగా ఏమీ జరగలేదు. కోటు వేసుకున్న ఇద్దరు కూర్చుని ప్రశ్నలడిగారు. అలవాటు ప్రకారం ప్రతి ప్రశ్ననూ ఒకసారి తిరిగి చెప్పి, అప్పుడు జవాబిచ్చింది. వాళ్ళు మొహాలు చూసుకున్నారే గానీ తప్పు పట్టలేదు. మస్ట్ నాట్ వచ్చినప్పుడు కిటికీలు మూసి ఉన్నాయో లేదో ఓరగా చూసుకుని మరీ అంది. పాసైంది. మార్కులు బొటాబొటీగా వచ్చాయి, అయినా పాస్ పాసే. తోడికోడలు ఆమెను వాటేసుకుని గిరగిరా తిప్పింది. గాలిపటం కంపెనీ వాకిట్లో ఈల వేసి గంతులేశాడు.

మర్నాడు మేనేజరు వదిననూ గాలిపటాన్నీ పిలిచాడు. మంచివాడే, కాకపోతే కష్టమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు టేబుల్ మీది కాగితాల్ని అటూ ఇటూ సర్దుతూ ఉంటాడు. ఆ రోజు చాలాసేపు సర్దాడు.

"వదినా, కొత్త భవనాల్లో ఇంకో రూలు కూడా ఉందట. నాకూ నిన్ననే చెప్పారు. ఒకే ఇంటివాళ్ళు ఒకే తాడు మీద ఉండకూడదు. నువ్వు వేరే జట్టుకు పైమనిషివి. ఇతని తాడు అక్కడే పనిచేసే వేరే దేశపు మీసాలాయన పట్టుకుంటాడు."

గాలిపటం కుర్చీలోంచి లేచాడు. "ఇదేం రూలండీ? నోట్లో ముద్ద లాక్కోవడం కాదూ ఇది?"

"కూర్చో. కారణం ఉంది." మేనేజరు గొంతు తగ్గించాడు. "ఎక్కడో ఒక మేడ మీద తండ్రి పైన, కొడుకు కింద. కొడుకు పీట మీంచి జారి, అరిచాడు. తండ్రి తాడు బిగించి నిలబడాల్సింది పోయి, కంగారులో తాడు వదిలేసి అంచు దగ్గరికి పరిగెత్తాడు. ఏమైందో చూడ్డానికి. నడుం తాడు ఉండబట్టి పిల్లాడు బతికాడు."

గాలిపటం ఇంకా పళ్ళు నూరుతూనే ఉన్నాడు. తన మరిది అలా అరిస్తే తానేం చేస్తుందో వదినకు మాత్రం ఆ క్షణాన కళ్ళకు కట్టినట్టు కనిపించింది. తానూ అంచు దగ్గరికే పరిగెడుతుంది. ఎన్నాళ్ళ అలవాటున్నా, ఎన్ని కట్టుబాట్లున్నా, పరిగెడుతుంది. ఆ తండ్రిని తిట్టబోయిన నోరు లోపలే మూసుకుంది.

బయటికి వచ్చాక గాలిపటం తేల్చేశాడు. "నేను ఎక్కను వదినా. ఆ మీసాలాయన ఎవరో, ఏ భాషో. రెండు మాటలు నవ్వుతూ మాట్లాడగా ఎవరూ చూడలేదు. నేను ఎక్కను."

"పనిపోతుంది అబ్బాయ్."

"పోనీ."

అతను అంత నెమ్మదిగా మాట్లాడ్డం ఆమె ఎప్పుడూ వినలేదు. భయపడుతున్నాడు. ఇన్నేళ్ళూ గాల్లో ఈలలేసిన మనిషికి భయం లేదనుకుంది ఆమె. భయం తన గొంతు వింటే అణిగేదని ఇప్పుడు తెలిసింది. తాను చదివి పాసైన చదువే తన చేతుల్లోంచి తాడు లాగేసిందని ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఆమె కొత్త భవనానికి బయల్దేరింది.

మీసాలాయన మేడ మీద ఒంటరిగా కూర్చుని తాడును మొదటి నుంచి చివరిదాకా వేళ్ళ మధ్య నుంచి పోనిస్తున్నాడు. ఎక్కడైనా పురి సడలిందేమోనని చూసుకుంటున్నాడు. గుబురు మీసాలు, చాటంత చేతులు. ఆమెను చూసి తల ఊపి మళ్ళీ తన పనిలో పడ్డాడు. ఆయనకు తెలుగు రాదు. ఆమెకు ఆయన భాష రాదు. మధ్యలో ఉన్నదల్లా ఇంగ్లీషే, అది కూడా ఇద్దరికీ అరువు సొమ్మే.

నిలదీద్దామని వచ్చిన వదిన నోట్లోంచి ఊడిపడ్డది మాత్రం వేరే ప్రశ్న. మస్ట్ హావ్ గాన్ అనే మాటను మీ భాషలో ఏమంటారు అని అడిగింది. అడిగాక తనకే సిగ్గేసింది. మరిది ప్రాణం సంగతి తేల్చుకోవడానికి వచ్చి వ్యాకరణం అడుగుతున్నానేమిటనుకుంది.

మీసాలాయన తాడు కింద పెట్టాడు. పెదవులు కదిలించాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ కదిలించాడు. చాలాసేపటికి మూడు వేళ్ళు చూపించాడు. ఒక వేలు మస్ట్, ఒకటి హావ్, ఒకటి గాన్. మస్ట్ వేలిని ముందు నిలబెట్టాడు. దాని తర్వాత ఖాళీ జాగా చూపించి, అక్కడ ఊరూ, వేళా, ఇంకేవైనా రావచ్చని అరచెయ్యి తిప్పాడు. చిట్టచివర గాన్, దాని వెనక హావ్. ఒక హెల్పరు ముందు, ఒక హెల్పరు వెనక, మధ్యలో సంసారమంతా!

"బోత్ సైడ్స్?" అంది వదిన, కళ్ళు పెద్దవి చేసి.

"బోత్ సైడ్స్," అన్నాడాయన, గంభీరంగా.

వదిన తన వేళ్ళు పట్టి తెలుగు వరస చూపించింది. గాన్ ముందు, హావ్ తర్వాత, మస్ట్ చివర. ఆయన ఆమె వేళ్ళ వంకే చూసి, తన వేళ్ళను అలా మార్చుకుని చూసుకుని, మీసాల చాటున చిన్నగా నవ్వాడు. నిజానికి ఆమెకు అప్పుడే కోపం సగం పోయింది. తెలిసినట్టు నటించకుండా అంతసేపు ఆలోచించి చెప్పాడు కదా అనుకుంది. అయితే వేళ్ళ మీద వరస చెప్పడం వేరు, తాడు పట్టడం వేరు. సగం నమ్మకం మీద మరిదిని ఎలా వేలాడదీస్తుంది?

"ఐ విల్ సిట్," అంది, పీట చూపించి.

ఆయన కనుబొమలు ఎగరేశాడు. "యూ?"

"ఐ మస్ట్ నో," అంది, తనకు తెలిసి తీరాలన్నట్టు.

ఇంకేమీ అడగలేదాయన. నడుం తాడు కట్టి, ముడి లాగి చూసి, ఆమెను కూడా లాగి చూడమన్నాడు. ఇన్నేళ్ళ పనిలో వదిన ఒక్కసారి కూడా అంచు దాటలేదు. పీట మీద కూర్చుని కాళ్ళు అవతలికి వేసేసరికి ప్రాణాలు అరికాళ్ళలోకి జారాయి.

"ఐ యామ్ రెడీ!"

"యూ ఆర్ రెడీ!" పైనుంచి గొంతు వచ్చింది.

"లోయర్!"

"లోయర్!"

తాడు కదిలింది. పిట్టగోడ పైకి వెళ్ళిపోయింది, దానితోపాటు ఆయనా మాయమయ్యాడు. ఇప్పుడు ఆమె ముందున్నది అద్దం, అద్దంలో తన పాలిపోయిన మొహం. పైన ఆకాశం, ఒక తాడు. మనిషి జాడ లేదు. ఇన్నాళ్ళూ తాను పైన ఉన్నానని మరిదికి తెలిసింది గొంతుతోనే అన్నమాట. ఆ ఆలోచన ఇంకా పూర్తి కాలేదు, మూల మీంచి గాలి ఈడ్చి కొట్టింది. పీట గిర్రున తిరిగింది. బోర్డూ, హెల్పర్లూ, నేర్చుకున్న ఇంగ్లీషూ అంతా గాల్లో కొట్టుకుపోయింది.

"ఆపు!" అని కేక పెట్టింది తెలుగులో.

ఆ మరుక్షణమే ఆమె గుండె ఇంకా కిందికి జారింది. ఆయనకు ఆ మాట తెలీదే! స్టాప్ అని అందామంటే నాలిక తిరగడం లేదు.

"ఆపు!" అంది పైనుంచి గొంతు.

తాడు బిగిసింది. పీట నిలిచింది.

ఆయనకు అర్థం తెలీదు. అయినా విన్నది విన్నట్టు తిరిగి పలికాడు. అర్థం కాని మాట వినపడితే తాడు బిగించి నిలబడాలన్నది ఆయనకూ కట్టుబాటే. ఏ మేడ మీద, ఏ భాషలో నేర్చుకున్నాడో! వదిన అద్దానికి నుదురు ఆనించి ఏడ్చేసింది. భయంతో కొంత, ఊరటతో కొంత. ఆయన తొందర పెట్టలేదు. ఆమె గొంతు మళ్ళీ దొరికిందాకా తాడు అలాగే పట్టుకుని ఉన్నాడు.

ఇంటికి వచ్చి మరిదిని ఎదురుగా కూర్చోబెట్టింది. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పింది, ఏడ్చిన సంగతితో సహా. తోడికోడలు తలుపు పట్టుకుని నిలబడి విన్నది.

"నువ్వు దిగావా? నువ్వా?" అన్నాడు గాలిపటం, నమ్మలేక.

"దిగాను. చచ్చేంత భయమేసింది. నువ్వు రోజూ ఎలా ఈలలేస్తావో నాకర్థం కాదు."

"నువ్వు పైన ఉంటావని వేసేవాణ్ని."

"ఆయన ఉంటాడు అబ్బాయ్. నేను విన్నాను."

గాలిపటం తన భార్య వంక చూశాడు. ఆమె తలుపు వదిలి వచ్చి వదిన పక్కన కూర్చుంది. "అక్క దిగిందంటే సరే," అంది.

మొదటి రోజు వదిన పొద్దున్నే మేడ మీదికి వచ్చింది. ఆమె జట్టు పని పక్క భవనంలో, ఇంకా మొదలవలేదు. మీసాలాయన స్తంభానికి తాడు చుట్టాడు. గాలిపటం పీట మీద కూర్చుని ఒకసారి ఆమె వంక చూసి, అంచు దాటి కనిపించకుండా పోయాడు. ఆమె చేతులకు పట్టుకోవడానికి ఏమీ లేదు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక కొంగు చుట్టుకుంది, విప్పింది.

"ఐ యామ్ రెడీ!" గాలిపటం గొంతు వచ్చింది, కాస్త వణుకుతూ.

వదిన నోరు దానంతటదే తెరుచుకుంది. పైన రెండు గొంతులు పలికితే కిందివాడు ఏది నమ్మాలో తేల్చుకోలేడు. ఆ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. రెండు అరచేతులూ నోటికి గట్టిగా అడ్డం పెట్టుకుంది.

"యూ ఆర్ రెడీ!" అన్నాడు మీసాలాయన.

తర్వాత, "లోయర్!" అన్న కేక వచ్చింది. దానికీ ఆయనే బదులు పలికాడు. తాడు నెమ్మదిగా జారడం మొదలుపెట్టింది. మరిది నేల మీద కాలు పెట్టేదాకా వదిన నోటి మీద నుంచి చేతులు తియ్యలేదు.